ముడతలు పడ్డ మంట

బాన్సువాడ బస్టాండులో నా పక్కన ఒక అమ్మాయి ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకొని, ఊపిరి బిగబట్టి వీడియో చూస్తున్నది.

"ఏంది బిడ్డా, గంత ఫికర్?" అని అడిగిన.

"మంట అక్కా. చెరుకు నుంచి తీసే ఆల్కహాల్ మంట."

కాలేజీ ల్యాబ్‌ల ఇనుప గోళంలో ఆ ఆల్కహాల్ ఆవిరిని అంటించి, మంట ఎంత వేగంగా పాకుతదో కొలవడం ఆమె పరిశోధన. గోళంలో ఒత్తిడి పెంచితే ఆ వేగం లెక్క ప్రకారం రావాల్సినదానికంటే ఎక్కువ వస్తున్నదట. నీ కొలతే తప్పు, రుజువు లేకుంటే ఈ పని ఆపెయ్యమని వాళ్ల సారు చెప్పిండట. అందుకే ఈసారి రెప్పపాటును వేల బొమ్మలుగా తీసే కెమెరా పెట్టించింది. ఆ వీడియో ల్యాబ్ నుంచి అప్పుడే వచ్చింది.

ఇద్దరం చూసినం. మంట మొదట నున్నటి బుడగ లెక్క పెరిగింది. తర్వాత దాని మీద పగుళ్లు పాకి, ఒళ్లంతా ముడతలు పడ్డది. ముడతలు పడంగనే ఉరుకుడు మొదలుపెట్టింది.

"ముడతలు పడితే మండే జాగ పెరుగుతదక్కా! అందుకే గా వేగం!"

"కుచ్చిళ్లు పోస్తే అంతే వెడల్పుల ఎక్కువ చీర పట్టినట్టా?"

"గదే అక్కా, గదే!" అని నన్ను గట్టిగ పట్టుకున్నది.

వీడియో పంపి, సారుకు ఫోన్ చేసింది. ఆయన ఫోన్ పెట్టెయ్యకుండనే వీడియో చూసిండు. చివరికి, "నీ కొలతే నిజమమ్మా" అన్నడు. నా చెయ్యి పట్టుకొని పైకెత్తి, కేక పెట్టిందామె. నేనూ పెట్టిన. బస్టాండంతా మా దిక్కే చూసింది.

ఆమె పేరు అడగనే లేదు. కానీ ఊళ్లో నలుగురిల నా మాట తప్పు అని ఎవరన్న తేల్చేస్తే, ఇప్పుడు నేను ఊకుంటలేను. "ఒకసారి చూసి చెప్పున్రి" అంటున్న.