రోమోళ్ల లింబాద్రి

సౌదీలోని జుబైల్ క్యాంపులో లింబాద్రి రోమోళ్లను అడగనిదే అన్నం ముద్ద కూడా ఎత్తేవాడు కాదు. రోమోళ్లంటే రెండువేల ఏళ్ల కిందట రోములో బతికిన మహా సంపన్నులు. వాళ్లెప్పుడో పోయారన్న సంగతిని లింబాద్రి పెద్దగా పట్టించుకోలేదు. "రోమోళ్లు గిట్ల చెయ్యలె" అన్నాడంటే ఆ పని ఆగిపోవలసిందే. "రోమోళ్లు గిట్లనే చేసిండ్రు" అన్నాడంటే ఆ పని జరిగి తీరవలసిందే. ఇంతా చేసి ఆయనది మెట్‌పల్లి పక్కన ఊరు, చేసేది టైల్స్ మేస్త్రి పని.

ఈ చుట్టరికం ఎలా కలిసిందంటే, కఫీల్, అంటే వీళ్లందరినీ పనికి తెప్పించుకున్న అరబ్బు యజమాని, ఒకసారి ఇటలీ వెళ్లొచ్చాడు. వెళ్లొచ్చినవాడు ఊరుకోకుండా సముద్రం ఒడ్డున రోమన్ ఫ్యాషన్‌లో విల్లా కట్టాలన్నాడు. స్తంభాలు, ఫౌంటెన్, యాభైమంది కూర్చునే భోజనాల హాలు. దానికోసం ఇటలీ నుంచే ఒక ఇంజినీరును తెప్పించాడు. తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో పక్కనే కువైట్ మీద ఇరాక్ విరుచుకుపడింది. ఇంజినీరు మర్నాడే ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో పాస్‌పోర్టు పట్టుకుని విమానం ఎక్కేశాడు. టేబుల్ మీద ఇటుకంత బరువున్న పుస్తకం మిగిలిపోయింది. నిండా రోమోళ్ల ఇళ్ల బొమ్మలే. గోరంత గోరంత రాళ్లు పొదిగిన నేలలు, గోడల మీద పండ్లతోటలు, కంచు కాళ్ల మంచాలు. లింబాద్రి దాన్ని కొత్త తువ్వాలులో చుట్టి తన మంచం తలాపున పెట్టుకున్నాడు.

బొమ్మలు చూడగలడు గాని చదవలేడు. చదివి పెట్టే బాధ్యత ఖలందర్ మీద పడింది. ఖలందర్ ప్రొద్దుటూరు మనిషి, సైట్‌లో టైంకీపర్. హాజరు వేసేది అతనే, కఫీల్ మాటను తెలుగులోకి, తెలుగు మాటను అరబ్బీలోకి మార్చేది అతనే. నాలుగు భాషలు వచ్చినవాడని క్యాంపులో పేరు. ఆ పుస్తకం మాత్రం ఐదో భాషలో ఉంది. ఇటాలియన్‌లో ఒక్క ముక్క రాదని ఒప్పుకుంటే పరువేం కావాలి? మొదటి రోజు గొంతు సవరించుకుని ఒక వాక్యం అల్లి చెప్పాడు. ఆ తర్వాత ఆపడం అతని తరం కాలేదు.

అల్లడానికి అతనికి సొంత కారణం కూడా ఉంది. ఆ సెప్టెంబరులో అతను సెలవు మీద ఇంటికి పోవాలి. తను ఇక్కడికి వచ్చిన ఆరు నెలలకు పుట్టిన కూతురు ఖాలిదాకు మూడేళ్లు నిండబోతున్నాయి, తండ్రి మొహం ఫోటోలో తప్ప చూడలేదు. గొడవలు మొదలవగానే సెలవులన్నీ ఆగిపోయాయి. కఫీల్ ఒక్కటే మాట చెప్పాడు. "రంజాన్ పండక్కి అతిథులు వస్తారు. భోజనాల హాలు పూర్తి చెయ్యండి. చేస్తే ఒకరికి సెలవు. ఒక్కరికే." అందుకని ఖలందర్ చదివే రోమోళ్లు ఎప్పుడూ మహా తొందరలో ఉండేవారు.

"ఏం రాసిండ్రు భాయ్ ఈడ?"

"పని బిరబిరా ముగించేవాడే మొనగాడు అని రాసినారన్నా."

"మరి గీ నేలల గోరంత రాళ్లు వేలకు వేలు పెట్టిండ్రు గదా. బిరబిర పెట్టిండ్రా?"

"అది వేరే పేజీలో ఉంటాది."

రోమోళ్లు మంచాల మీద ఎడమ మోచేతిపై ఒరిగి తినేవారని బొమ్మలోనే ఉంది, చదవక్కర్లేదు. లింబాద్రి క్యాంపు మంచాలు మూడింటిని మూడు వైపులా జరిపి, నడుమ బల్ల వేసి, ఒరిగి తినడం మొదలుపెట్టాడు. మొదటి పూట పప్పంతా చెవిలోకి పోయింది. వంటమనిషి జమాలుద్దీన్, హైదరాబాదు వాడు, గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

"అరే మియా, పానం బాగలేదా? పడుకొని తింటున్నవ్?"

"రోమోళ్లు గిట్లనే తిన్నరు."

"వాళ్లకు పక్కటెముకలు లెవ్వా?"

ఆ రోమోళ్లే మామూలు గోడలకు రంగులేసి పాలరాయిలా భ్రమింపజేసేవారు. లింబాద్రి నీళ్ల ట్యాంకుకు పాలరాయి చారలు వేశాడు. ఏసీ డబ్బాకు వేశాడు. ఖలందర్ హాజరు పుస్తకం అట్టకు వేశాడు. కొన్నాళ్లకు జమాలుద్దీన్ కూడా లొంగిపోయాడు. ఒకరోజు ఖలందర్ పళ్లెంలో మాంసం ముక్కలు రెండు ఎక్కువ పడ్డాయి.

"ఖలందర్ భాయ్, జర రోమోళ్లతోని ఒక్క మాట చెప్పియ్. తిన్న పళ్లాలు ఎవలియి వాళ్లే కడుక్కోవాలని."

ఆ సాయంత్రమే రోమోళ్లు ఆ మాట చెప్పారు. మర్నాటి నుంచి క్యాంపులో పళ్లాలు తళతళలాడాయి.

లింబాద్రికి ఇంకో పిచ్చి ఉండేది, అదీ రోమోళ్లు అంటించిందే. పగిలింది ఏదీ పారేయనిచ్చేవాడు కాదు. టైల్ ముక్క, టీ గ్లాసు, కప్పు పిడి, ఏది కిందపడి భళ్లుమన్నా ముందు ఆయన వచ్చేవాడు, తర్వాత చీపురు వచ్చేది. మంచం కింద పద్నాలుగు గోనెసంచులు నిండాయి. ఖలందర్ కాళ్లు చాపడానికి చోటు లేదు.

"ఈ చెత్తంతా ఏం చేసుకుంటావన్నా?"

"రోమోళ్లకు పనికొచ్చింది, మనకు రాదా?"

జనవరిలో యుద్ధం రానే వచ్చింది. విషవాయువు చొరబడకుండా కిటికీలకు ప్లాస్టిక్ కాగితాలు అంటించి టేపు వేశారు. గది పెట్టెలా తయారైంది. లింబాద్రి ఆ ప్లాస్టిక్ మీద దానిమ్మ చెట్టు, రెండు పిట్టలు గీశాడు. కిటికీలు లేని గదుల్లో రోమోళ్లు తోటలే వేసుకున్నారట. ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. అందరూ తడి తువ్వాళ్లు మొహాలకు కట్టుకుని గోడవారన కూలబడ్డారు. ఖలందర్‌కు కాళ్లూ చేతులూ వణుకుతున్నాయి. కళ్ల ముందు ఖాలిదా ఫోటో తప్ప ఏమీ లేదు. లింబాద్రి తువ్వాలు లోంచే కేక వేశాడు.

"భాయ్, పుస్తకం తీయ్! ఈ పేజీల ఏమున్నదో చదువు."

"ఇప్పుడా?"

"రోమోళ్ల మీద అగ్గికొండ పేలింది. వాళ్లే ఆగలె, నువ్వాగుతవా?"

ఖలందర్ పుస్తకం తెరిచి చదివాడు. రోమోళ్ల పెళ్లిళ్లు, రోమోళ్ల బావమరుదులు, రోమోళ్ల అత్తగారి అలకలు, నోటికి వచ్చినవన్నీ చదివాడు. జమాలుద్దీన్ "ఫిర్ క్యా హువా?" అని అడుగుతున్నాడు. సైరన్ ఆగిపోయిందని పావుగంట దాకా ఎవరూ గమనించలేదు.

ఫిబ్రవరి చివర్లో యుద్ధం ముగిసింది. అందరూ పండగ చేసుకుంటుంటే ఖలందర్ నెత్తిన పిడుగు పడింది. భోజనాల హాలుకు ఇటలీ నుంచి రావలసిన పాలరాయి రాలేదు. ఓడ ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. "రాయి వచ్చేదాకా ఆగుదాం, ఏడాదైనా సరే" అన్నాడు కఫీల్. రాయి లేకపోతే హాలు లేదు, హాలు లేకపోతే సెలవు లేదు. ఆ పూట ఖలందర్ అన్నం ముట్టలేదు.

లింబాద్రి గోనెసంచులు బయటికి లాగాడు.

"రాయి ఎందుకు భాయ్? పద్నాలుగు సంచులున్నయ్. నేల నేనేస్త. బొమ్మ నువ్వు చెప్పు."

పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. మొదటి పేజీలో గుమ్మం దగ్గర కుక్క.

"కుక్కా? ఇంటి గుమ్మంలోనా? కఫీల్ మనల్ని ఈడి నుంచి తరుముతాడన్నా."

"మేకను పెడుదామా?"

"ప్రాణమున్న బొమ్మలేవీ ఈడ కుదరవు."

చేపలు పోయాయి. నెమళ్లు పోయాయి. తర్వాతి ఇరవై పేజీల్లో రోమోళ్ల ఒంటి మీద నూలుపోగు లేదు. ఖలందర్ కళ్లు మూసుకుని హాజరు కాగితం అడ్డంపెట్టి ఒక్కో పేజీ తిప్పాడు. దేవుళ్లు పోయారు, ద్రాక్షసారాయి జాడీలు పోయాయి. అలా కొట్టేయగా కొట్టేయగా పుస్తకం మొత్తంలో ఒక్క బొమ్మ మిగిలింది. విందు అయ్యాక ఊడ్చని నేల. ఎముకలు, తొక్కలు, గింజలు, తిన్నవాళ్లు ఎక్కడివక్కడ పారేసినట్టు రాళ్లతో పొదిగిన నేల.

"ఇది ఎంగిలి కదన్నా!" అంటూ ఖలందర్ పుస్తకం మూసేయబోయాడు. "కఫీల్‌కు చిన్న మరక కనిపిస్తే చాలు, ఇల్లంతా కడిగిస్తాడు."

"ఎంగిలికి ప్రాణముందా? బట్టలు లేవా? దేవుడా? ఏం తక్కువున్నది దీనికి?" అన్నాడు లింబాద్రి. అప్పటికే తెల్ల సిమెంటు కలిపేస్తున్నాడు.

నెలన్నర పాటు ఆ మనిషి వంగిన నడుం ఎత్తలేదు. బిరియాని ఎముకలు, నారింజ తొక్కలు, ఖర్జూరపు గింజలు. ప్రతి గింజ పక్కన బూడిదరంగు ముక్కతో నీడ కూడా. ఖర్జూరపు గింజలకు జమాలుద్దీన్ పగలగొట్టిన పింగాణీ టీ కెటిల్ ముక్కలు వాడాడు. ఎముకలకు తెలుపు చాలక, బాత్రూముల కోసం వచ్చి పగిలిన కమోడ్‌ను వాడాడు. ఆ సంగతి ముగ్గురికే తెలుసు, ముగ్గురూ ఒట్టేసుకున్నారు.

పండగ రెండు రోజులుందనగా కఫీల్ వచ్చాడు. తలుపు తీశాడు. మొహం ఎర్రబడింది.

"ఏష్ హాదా! ఏమిటిది? ఇక్కడెవరు తిన్నారు? ఊడ్చండి!"

జమాలుద్దీన్ పరుగున వచ్చి చీపురేశాడు. నిజం తెలిసి కూడా భయానికి బలంగా ఊడ్చాడు. ఒక్క గింజ కదల్లేదు. కఫీల్ విసుగ్గా వంగి, నారింజ తొక్క పక్కనున్న ఎముకను తన చేత్తోనే తీయబోయాడు. గోరు నేల మీద గీసుకుంది. మళ్లీ గీకాడు. ఖలందర్ మనసులో ఖాలిదాకు క్షమాపణ చెప్పుకుంటున్నాడు.

కఫీల్ నేల మీద చతికిలబడ్డాడు. నవ్వు మొదలైంది. తలపాగా జారిపోయేంత నవ్వు, కళ్ల నీళ్లు వచ్చేంత నవ్వు. "పండగనాడు మా బావ వంగి ఏరుతుంటే చూడాలి!" అంటూ ఆ కమోడ్ ఎముకను ముద్దుగా నిమిరాడు. ముగ్గురూ పైకప్పు వైపు చూశారు.

"మేస్త్రికి సెలవు! ఈ వారమే పొమ్మని చెప్పు" అన్నాడు కఫీల్.

చెప్పవలసింది ఖలందర్. చెప్పాడు, ఒక్క ముక్క కూడా అల్లకుండా. న్యాయంగా అది లింబాద్రిదే, ఆయన ఇల్లు చూసి కూడా నాలుగేళ్లయింది. లింబాద్రి తల అడ్డంగా ఊపి, తనకు వచ్చిన అరబ్బీ అంతా ఒకేసారి వాడేశాడు.

"హాదా అవ్వల్. అనా బాదైన్." ఇతను ముందు, నేను తర్వాత.

"లేష్?" అన్నాడు కఫీల్. ఎందుకని.

"రోమా సేమ్ సేమ్" అన్నాడు లింబాద్రి గంభీరంగా. రోమోళ్ల మాటకు ఎదురు చెప్పడం కఫీల్‌కు కూడా చేతకాలేదు.

విమానం కోసం దమ్మామ్ పోయే బస్సు దగ్గర ఖలందర్ ఇక ఆగలేకపోయాడు.

"అన్నా, నీకో నిజం చెప్పాల. ఆ పుస్తకంలో నాకు ఒక్క అక్షరం రాదు. అన్నీ నేను అల్లినవే."

"నాకు ఎర్కనే."

"ఎప్పటి నుంచి?"

"సైరన్ మోగిన నాడు పుస్తకం తలకిందులు పట్టుకొని చదివినవ్ భాయ్. మస్తు చదివినవ్. వణుకు పోయింది గదా, ఇంకేంది?" పాత టవల్‌లో చుట్టిన పలక ఒకటి అతని చేతిలో పెట్టాడు. "ఇంటికి పోయినంక నేల మీద పెట్టు. బిడ్డను ఎత్తుకోనికి ఆత్రపడకు."

ప్రొద్దుటూరులో ఖాలిదా తండ్రిని చూసి తల్లి హాజిరా కుచ్చెళ్ల వెనక దాక్కుంది. బొమ్మ చూపినా రాలేదు, బిస్కెట్ చూపినా రాలేదు. అనుకున్నదే అయినా ఖలందర్‌కు ఏడుపొచ్చింది. అప్పుడు టవల్ విప్పి పలకను నేల మీద పెట్టి, పక్కకు జరిగి కూర్చున్నాడు. వేరుశనగ తొక్కలు రెండు, ఎర్ర కాగితం చుట్టిన చాక్లెట్ ఒకటి, వాటి నీడలు.

"వచ్చీ రాంగానే చెత్త ఏస్తాండావే!" అంటూ హాజిరా చీపురు తెచ్చింది. చెత్త కదల్లేదు. ఖాలిదా మెల్లగా వచ్చి, వంగి, చాక్లెట్ తీయబోయింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. రాలేదు. తండ్రి వైపు చూసింది, పకపకా నవ్వింది, ఇంకో పట్టు పట్టడానికి అనువుగా వచ్చి అతని ఒళ్లోనే కూర్చుంది.

హాజిరా చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. "ఎవురు చేసినారు ఇది?"

"రోమోళ్లు."

"వాళ్లది యాడ?"

ఖలందర్ కూతురి తల నిమురుతూ, "మెట్‌పల్లి పక్కన" అన్నాడు.