ప్రయాణం ముందు నూనె

మొన్న మా మనవడు కారుకి ఆయిలు మార్పించడానికి వట్లూరు దారిలో ఉన్న షెడ్డుకి వెళ్తుంటే నేనూ వెళ్లాను. కారు కింద బోల్టు విప్పగానే వెచ్చగా, నల్లగా జారిన పాత నూనె వాసన ముక్కుకి తగిలేసరికి, ఏలూరులో కాలవ ఒడ్డునున్న మా ఇంటి పెరట్లో, ఎనిమిదేళ్ల పిల్లనై, పరికిణీ ఎత్తి పట్టుకుని నిలబడిపోయాను.

అవి ముప్పయ్యో దశకం నాటి సంగతులు. మా నాన్నగారు డాక్టరు. ఎవరో జమీందారు వాడి వదిలేసిన కారొకటి కొన్నారు. వేసవిలో కొల్లేరు ఎండితే నెర్రెలిచ్చిన నేల మీద దుమ్ము మింగుతూ, వానాకాలంలో తుంగ దుబ్బుల మధ్య బురద తొక్కుతూ, చలికాలంలో గూడబాతులు బారులు తీరిన గట్ల వెంట జ్వరాల ఊళ్లకి అది నాన్నగారిని మోసుకెళ్లేది. డ్రైవరు మస్తాను దాన్ని ఇంటి ఆడపిల్లలా చూసుకునేవాడు. కొలత పుల్ల తీసి, వేలికి నూనె రాసి చూపించి, "కొత్తది తేనె రంగులో ఉంటదండి పాపగారూ, ఇలా నల్లబడి నీళ్లలా అయిందంటే ఇక లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయండి" అనేవాడు. తీసేసిన నల్లనూనె కోసం బండివాళ్లు ఇరుసులకనీ, చేపలవాళ్లు దోనెల అడుగుకనీ కొబ్బరి చిప్పలు పట్టుకుని వచ్చేవారు.

చిక్కల్లా మా మామ్మతోనే. మామ్మంటే నాన్నగారి తల్లి. ఎప్పుడో తాతగారు తాడేపల్లిగూడెం వెళ్దామని గుమ్మం దిగుతుంటే నూనె కుండ ఎదురొచ్చిందట. వెళ్లిన మనిషి అక్కడే కలరా తగిలి పోయారు. అప్పటినుంచి ప్రయాణం ఉన్న రోజున ఇంట్లో నూనె కంటపడకూడదు. భర్త పోయిన మనిషి కూడా ఎదురు రాకూడదంటారు కనుక, ఎవరు బయల్దేరినా మామ్మ తనే వంటింటి తలుపు వెనక్కి వెళ్లిపోయేది. కొత్త నూనె డబ్బా కొట్టుగదిలో పెట్టి తాళం వేసేది. మస్తాను అడిగినప్పుడల్లా "ఇవాళ బాబు ఊరెళ్లాలి కదా, రేపు చూద్దాం" అనేది. రేపూ ఏదో ఒక ఊరు ఉండనే ఉండేది, ఎన్నిసార్లో అడిగితే గానీ డబ్బా బయటికొచ్చేది కాదు. ఊరందరికీ మందులు రాసే నాన్నగారు తల్లికి మాత్రం ఎదురు చెప్పేవారు కాదు.

ఒక శ్రావణ శుక్రవారం ఇల్లంతా బూరెల వాసన, పులిహోర పోపు వాసన. ఆకుల ముందు కూర్చోబోతుండగా కొల్లేటి గట్టు మీదున్న మా మేనత్త ఊరి నుంచి మనిషి వచ్చాడు. "అమ్మాయిగారికి నిన్నటి నుంచీ నొప్పులండి. బిడ్డ అడ్డం తిరిగిందంటందండి మంత్రసాని" అన్నాడు. నాన్నగారు సంచీ అందుకుని కారెక్కారు. మస్తాను మాత్రం స్టార్టు చెయ్యలేదు.

"కోప్పడకండి బాబుగారూ. నిన్న కారు మూలుగుతా ఇంటికొచ్చిందండి. ఈ నూనెతో వెళ్తే భీమడోలు దాటకుండానే ఇంజను పట్టేస్తదండి."

నాన్నగారు వంటింటి తలుపు వైపు చూశారు. కాసేపటికి కొట్టుగది తాళం తీసిన చప్పుడైంది. మామ్మ డబ్బాని రెండు చేతులతో పట్టుకుని, నలుగురూ చూస్తుండగా వాకిట్లోకి వచ్చి, సరిగ్గా కారుకి ఎదురుగా నిలబడింది. ఆమెని అక్కడ చూడటం నాకదే మొదలు.

"పాతదంతా తీసేసి కొత్తది పొయ్యి మస్తానూ. తొందరపడి కొంచెం కూడా ఉంచెయ్యకు."

"నువ్వు లోపలికి వెళ్లమ్మా" అన్నారు నాన్నగారు మెల్లగా.

"వెళ్లను నాయనా. తగిలేదేమన్నా ఉంటే నాకే తగలనీ."

నూనె పోయడం అయ్యి, కారు ఆమె పక్కనుంచి తిరిగి వెళ్లేదాకా కదల్లేదు. బూరె ముట్టలేదు. మర్నాడు కారు వచ్చి ఆగగానే మస్తాను దూకినట్టు దిగి, "ఆడపిల్లండి పెద్దమ్మగారూ. ఇద్దరూ కులాసాయేనండి" అన్నాడు. మామ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. ఏడుపు ఆగాక మొట్టమొదట అడిగింది, "నూనె రంగెలా ఉంది?" అని.

ఆ తర్వాత పుల్ల తీసి తనకి చూపించందే కారు కదలనిచ్చేది కాదు. "మా అమ్మ మెకానిక్కు" అని నాన్నగారు మురిసిపోయేవారు. మామ్మంటే నాకు ప్రాణం, ఇప్పటికీ.

ఆ ఇల్లు లేదు. మస్తాను లేడు. కొల్లేరు సగం చేపల చెరువులైపోయింది. షెడ్డులో తీసిన నూనె పీపాలో పోస్తారు, చిప్ప పట్టుకుని వచ్చేవాళ్లెవరూ లేరు. మా ఆయన పోయాక, నన్నెవరూ ఏమీ అనకపోయినా, ఎవరైనా బయల్దేరుతుంటే నేనే పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టాను. మా మనవడికి ఇవేవీ తెలియవు. నిన్న ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తూ కారు అద్దం దించి, "మామ్మా, గేటుకి తగుల్తుందేమో, కాస్త ఎదురుగా నిలబడి చూడవా" అన్నాడు.

వెళ్లి నిలబడ్డాను.