పందొమ్మిది బ్రేకులు

రుఖియా ఎలాంటి మనిషో ముందు చెప్పాలి. పదో తరగతి సర్టిఫికెట్లో ఆమె పేరు రుక్మిణి అని పడింది. అడగబోతే స్కూలు గుమాస్తా, ఏముందిలేమ్మా, రెండూ ఒకటే కదా అన్నాడట. రెండూ ఒకటెట్లా అవుతాయండీ! పదిహేనేళ్ల పిల్ల ఆ పేరు కోసం ఎర్రగుంట్ల నుంచి కడపకు తొమ్మిదిసార్లు బస్సెక్కింది. దిద్దించుకున్నాక నేరుగా ఆ గుమాస్తా దగ్గరికే పోయి, కాగితం బల్ల మీద పెట్టి, "గట్టిగా చదవండి సార్" అందట. ఆయన చదివేదాకా కదల్లేదు. అలాంటిదాని జోలికి పోయాడు మా తేజేశ్వర్ సార్.

2006లో మేమిద్దరం ఎమ్మే చివరి ఏడు చదువుతున్నాం. ఏ యూనివర్సిటీ అని మాత్రం అడగొద్దు. నా పేరు శ్రీవాసవి, కోడుమూరులో మాది కిరాణా అంగడి. హాస్టల్లో రుఖియాది నా పక్క మంచం. వాళ్ల నాయన ఇమాం బాషా ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ, లారీలకు మూటలెత్తే పని. అమ్మ నబీసా ఇంట్లోనే మిషను కుడుతుంది. రుఖియా ఆదివారాలు ఇంటికి పోయి నాయన చొక్కాలు ఉతికి వచ్చేది. సిమెంటు పట్టిన గుడ్డను దులపకుండా నీళ్లలో వేస్తే బిగుసుకుపోతుందని నాకు ఆమే చెప్పింది. కాలేజీలో లెక్చరర్ కావాలన్నది ఆమె పంతం. దానికి అర్హత పరీక్ష రాయాలంటే ఎమ్మేలో యాభై అయిదు శాతం రావాలి.

మాకు 'శ్రమ, ప్రపంచీకరణ' అని ఒక సెమినార్ పేపరు ఉండేది. దానికి పరీక్ష లేదు, వంద మార్కులూ తేజేశ్వర్ సార్ చేతిలోనే. చర్చలో పాల్గొంటే ఇరవై, నిలబడి ప్రసంగిస్తే ముప్పై, రాసిచ్చిన వ్యాసానికి యాభై. కాగితం మీద చూస్తే అబ్బో, ఎంత న్యాయం! అసలు సంగతేమంటే, చర్చంటే ఇంగ్లీషులో గలగలా మాట్లాడటం, ప్రసంగమంటే సార్ తల ఊపేలా మాట్లాడటం. నాది కర్నూల్లో కాన్వెంటు చదువు. నెట్ సెంటర్లో రెండు సాయంత్రాలు కూర్చుని ఇరవై పేజీలు పోగేశాను. నాకు ఎనభై నాలుగు మార్కులు వచ్చాయి.

రుఖియా మూడు నెలలు తిరిగింది. ముప్పై ఒక్కమంది కూలీల ఇళ్లకు పోయి రాసుకుంది. ఆ ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు ఆరేడు నెలలకోసారి కూలీ గేటు పాసు వెనక్కి తీసుకుంటాడు. పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, కొత్త తేదీ వేసి కొత్త పాసు ఇస్తాడు. అట్లా చేస్తే ఎవరికీ ఏడాది సర్వీసు నిండదు, పర్మినెంటు చేయమని అడిగే దారి ఉండదు. దాన్ని కూలీలు బ్రేకు అంటారు. పెళ్లికి పిలిస్తే, "ఆ వారం నాకు బ్రేకుండాది, వస్తాలేప్పా" అంటారు. పదకొండేళ్లలో ఇమాం బాషాకు పందొమ్మిది బ్రేకులు పడ్డాయి. వ్యాసం తెలుగులో ఇవ్వొచ్చని నిబంధనల్లో ఉంది కాబట్టి రుఖియా తెలుగులోనే రాసి, పట్టిక వేసింది: మనిషి పేరు, ఎన్నేళ్ల పని, ఎన్ని బ్రేకులు. బ్రేకంటే ఏమిటో మాత్రం రాయలేదు. ఎర్రగుంట్లలో ఆ మాట తెలియనివాళ్లు లేరు మరి. కార్మికుల గురించి పాఠం చెప్పే సారుకు తెలియదని ఎట్లా అనుకుంటుంది? కావాలంటే ప్రసంగంలో చెబుదామనుకుంది.

ఆ ప్రసంగం రెండు నిమిషాలు కూడా సాగలేదు. "ఈ ముప్పై ఒక్కమందిలో మా నాయన ఒకడు సార్" అని మొదలుపెట్టిందో లేదో, సార్ చెయ్యెత్తాడు.

"ఇంగ్లీషులో చెప్పమ్మా. ఇది సెమినార్ హాలు, మీ ఇంటి అరుగు కాదు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. రుఖియా ఇంగ్లీషులో రెండు వాక్యాలు తడబడేసరికి ఆయన గడియారం చూసుకుని తర్వాతివాళ్లను పిలిచాడు. మార్కులు బోర్డు మీద పెట్టారు. చర్చకు రెండు, ప్రసంగానికి ఏడు, వ్యాసానికి ముప్పై రెండు, వెరసి నలభై ఒకటి. మిగతా పేపర్లు ఎంత ధారాళంగా లెక్కేసుకున్నా ఆమెకు మొత్తం మీద యాభై నాలుగు శాతం దాటడం లేదు. లెక్చరర్ ఆశకు అక్కడితో నీళ్లు వదులుకోవాల్సిందే.

నన్ను తోడు తీసుకుని సార్ గదికి పోయింది.

"నా వ్యాసంలో తప్పేముండాదో చెప్పండి సార్, దిద్దుకుంటా."

"థియరీ లేదమ్మా. ఇంట్లో కష్టాలు రాస్తే అది పరిశోధన అవుతుందా?"

"అట్లయితే నా వ్యాసం నాకియ్యండి సార్."

"అది డిపార్టుమెంటుది. వెళ్లు."

బయటికొచ్చాక ఏడుస్తుందేమోనని చూశాను. ఏడ్చే రకమా! "ఈయప్పను వదల్ను వాసవీ, చూస్తా ఉండు" అంది.

రెండు నెలల తర్వాత మా దగ్గర జాతీయ సదస్సు పెట్టారు. సార్ తన పత్రాన్ని టైపు చేయమని నాకిచ్చాడు. ఆయనకు నేనంటే నమ్మకం. మూడో పేజీకొచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఒక్కమంది కూలీలు, అవే పేర్లు, అదే పట్టిక! రుఖియా పేరు వెతికినా లేదు. థియరీ లేదని ముప్పై రెండు వేసిన వ్యాసాన్ని ఇంగ్లీషులోకి దించుకుని తన పేరు పెట్టుకున్నాడు, సిగ్గులేని మనిషి.

ఇంకొంచెం చదివాక నవ్వాపుకోలేకపోయాను. ఇంగ్లీషులో బండి ఆపే బ్రేకుకు ఒక స్పెల్లింగు, మధ్యలో తెగిపోయే బ్రేకుకు ఇంకో స్పెల్లింగు. తెలుగులో రెండూ ఒకే అక్షరాలు. సార్ బండి బ్రేకు అనుకున్నాడు! విదేశీ పెట్టుబడి వచ్చి పాత యంత్రాలను అంటగట్టడం వల్ల ఎర్రగుంట్లలో బ్రేకులు ఫెయిలవుతున్నాయట. ఇమాం బాషా అనే కార్మికుడు పందొమ్మిది సార్లు బ్రేకు ఫెయిలై కూడా ప్రాణాలతో బయటపడ్డాడట. దాని మీద నాలుగు పేజీల థియరీ కూడా ఉంది.

రుఖియాకు చూపించాను. మొదట మొహం ఎర్రబడింది. తర్వాత మెల్లగా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకే భయమేసింది.

"వీసీకి కంప్లెయింటు ఇద్దామా?" అన్నాను.

"ఇస్తే తలుపేసుకుని వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. నన్ను నలుగుర్లో నగుబాటు చేసినాడు. నాకు నలుగుర్లోనే కావాల. ఉన్నదున్నట్టు టైపు చెయ్, ఒక్కక్షరం దిద్దొద్దు."

దిద్దలేదు. అంత శ్రద్ధగా నేను జీవితంలో ఏదీ టైపు చేయలేదు.

సదస్సు రోజు ఇమాం బాషా వచ్చాడు. అప్పుడు ఆయనకు బ్రేకు నడుస్తోంది కాబట్టి ఖాళీగానే ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, "ఈడ కూర్చోవచ్చునామ్మా?" అని నన్నడిగి మూడో వరసలో కూర్చున్నాడు. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన రాజ్యలక్ష్మమ్మగారు అధ్యక్షురాలు. సార్ ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో దంచేశాడు. చప్పట్లు అయ్యాక, ప్రశ్నలున్నాయా అని ఆవిడ అడగడమే ఆలస్యం, రుఖియా లేచింది. ఈసారి తెలుగులోనే అడిగింది.

"సార్, ఈ ముప్పై ఒక్కమందిని మీరు యాడ కలిసినారు?"

సార్ గొంతు సవరించుకున్నాడు. "ఎర్రగుంట్లలోనే. నేనే స్వయంగా వెళ్లి మాట్లాడాను."

"ఇమాం బాషా దేనికి బ్రేకులు ఫెయిలయినాయని చెప్పినాడు సార్?"

"యంత్రానికి. తనే చెప్పాడు పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు."

మూడో వరసలో ఇమాం బాషా లేచి నిలబడ్డాడు.

"అయ్యా, నేనే ఇమాం బాషాను. మిమ్మల్ని ఇదే మొదలు చూడ్డం. నేను ఏ మిషనూ తోల్ల్యా, మూటలు మోస్తాండా. బ్రేకంటే పది దినాలు పనిలోంచి తీసేసేది. ఇప్పుడు కూడా బ్రేకులోనే ఉండా, అందుకే రాగలిగినా."

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. వెనక వరసల్లో బల్లలు చరిచారు. సార్ మొహం చూడాలి! నీళ్ల గ్లాసు అందుకోబోయి కాగితాల మీద ఒలకబోసుకున్నాడు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, దాచుకోవాలని కూడా లేదు. రుఖియా తన వ్యాసం సార్‌కు ఇచ్చేముందే తీయించి పెట్టుకున్న జిరాక్సు తీసుకెళ్లి అధ్యక్షురాలి ముందు పెట్టింది. నేనూ లేచి, "మేడమ్, సార్ రాసిచ్చింది నేనే టైపు చేశాను, అది కూడా నా దగ్గరుంది" అని అందించాను. రాజ్యలక్ష్మమ్మగారు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చదివారు. అందాకా సార్ను కూర్చోమని ఎవరూ అనలేదు.

కమిటీ వేశారు. సార్ చేతిలోంచి సెమినార్ పేపరు తీసేశారు, ఆయన ఆరోగ్యం బాగాలేదని దీర్ఘకాలం సెలవు పెట్టాడు. రుఖియా మార్కులు రాజ్యలక్ష్మమ్మగారు మళ్లీ వేస్తారని చెప్పారు. రుఖియా ఒప్పుకోలేదు. "నా ఒక్కదానికే అయితే దయ తలచినట్టుంటాది మేడమ్. క్లాసులో పద్నాలుగు మందివీ పేర్లు దాచిపెట్టి, నాది చదవనోళ్లతో చూపించండి. వ్యాసం ఒక్కటే చూడమనండి, మాట్లాడిన మార్కులు తీసేయండి" అంది. సరేనన్నారు.

వారం తర్వాత కొత్త జాబితా పెట్టారు. వ్యాసానికే వందకు వేస్తే రుఖియాకు ఎనభై ఒకటి. అర్హత పరీక్షకు అడ్డం తొలగిపోయింది. నేను గట్టిగా వాటేసుకున్నాను. ఆ తర్వాత నా పేరు వెతుక్కున్నాను. నలభై మూడు. నా ఫస్టుక్లాసు ఎగిరిపోయింది.

"నీ కోసం సభలో నిలబడినానే! నీ ఒక్కదానివి దిద్దించుకొని ఊరుకొనుంటే ఏం పోయుండేది?" అని బోర్డు దగ్గరే అరిచాను.

రుఖియా కోపం తెచ్చుకోలేదు. నావైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"నీ ఇరవై పేజీల్లో ఒక్క కూలిమనిషి పేరన్నా ఉండాదా వాసవీ?"

ఆ పేజీలన్నీ మనసులోనే ఒక్కొక్కటిగా తిప్పుకుంటూ పోయాను. ఒక్క పేరూ లేదు. అది ఆమెకు ముందే తెలుసు. పద్నాలుగు మందివీ చూడమన్నప్పుడు ఆమె కళ్లముందున్నది సార్ ఒక్కడే కాదు, ఆరోజు నవ్విన మేమూ అని నాకు అప్పుడు అర్థమైంది.