అంగిట్లో తెల్లమచ్చ

పక్కింటి అరుగు మీద ఎవరైనా చుట్ట వెలిగిస్తే నాకిప్పటికీ నోరూరుతుంది. వెంటనే డాక్టరమ్మ మీద కోపమూ వస్తుంది. పెనిమిటి పోయాక నాకు తోడుగా మిగిలింది అడ్డపొగే. చుట్టను తిరగేసి, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, చెరకు తోటలో కలుపు తీస్తూ కూడా కాల్చేదాన్ని. ఒకసారి పన్ను నొప్పి తట్టుకోలేక చోడవరంలో బస్సెక్కి విశాఖపట్నం పళ్ల కాలేజీకి వెళ్లాను. పీకించుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చేద్దామనుకున్నాను.

పీకితే కదా! చదువుకునే పిల్లలంతా నా నోట్లోకి తొంగిచూశారు. అంగిట్లో తెల్లమచ్చ ఉందట. ఒక అమ్మాయి చూసీ చూడగానే "కేన్సర్ మేడమ్" అంది. నేను కుర్చీలోంచి లేవబోయాను. వాళ్లకు పాఠం చెప్పే డాక్టరమ్మ మాత్రం తొణకలేదు.

"ఎలా తెలిసింది?"

"చుట్ట కాలుస్తారు కదా మేడమ్."

"కాల్చేవాళ్లందరికీ కేన్సరేనా? ఏం చూశావు, ఏం చదివావు, ఇంకా ఏం తెలియాలి? చెప్పు."

ఇంకొకడు "ఏమీ కాదు, పొగ మచ్చే" అన్నాడు. "నీకెలా తెలిసింది?" అని వాడినీ నిలదీసింది. నేను నోరు తెరుచుకునే ఉన్నాను. దవడలు లాగేస్తున్నాయి. నోట్లో అద్దం పెట్టిన చేతిని నెట్టేశాను.

"నా నోరు మీకు పలక అనుకున్నారేటి? పన్ను పీకుతారా, పొమ్మంటారా?"

"పీకుతామమ్మా. కానీ ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి."

"సంపేసినా ఒప్పుకోను. కత్తి తగిల్తే పాకిపోద్ది. మా తోడికోడలు అలాగే పోయింది."

కసురుతుందనుకున్నాను. ఆమె పిల్లల వైపు తిరిగి, "ఈవిడ భయానికి మీ దగ్గర జవాబుందా?" అంది. తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"ముక్క తీసేనాటికి మీ తోడికోడలు అన్నం తినగలిగేదా?"

"ఏటి తింటాది? గంజి కూడా దిగీది కాదు."

అన్నాక నా మాటే నాకు అడ్డొచ్చింది. బాగా ముదిరిపోయాకే తీసుకెళ్లాం దాన్ని.

"ముక్క తీస్తే పాకదని చాలామందిని చూసి తేల్చారమ్మా. ఇక మీ ఇష్టం" అంది. నా ఇష్టమట! అంతా చెప్పి నా నెత్తినే పెట్టింది. తిట్టుకుంటూ ఒప్పుకున్నాను.

పరీక్షలో కేన్సర్ కాదని వచ్చింది.

"అయితే కాల్సుకోవచ్చా?"

"ఇప్పుడు కాదంతే. రేపు కావచ్చు. మానేస్తే మచ్చ తగ్గే వీలుంది."

"తగ్గుతాదా, వీలుందా? ఒక మాట సెప్పవేటి తల్లీ!"

"తెలిసినంతే చెప్తానమ్మా."

అంత మొండి మనిషి. తప్పకుండా తగ్గుతుందని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదేమో. చుట్ట మానేశాను.

ఆమె ఇప్పుడక్కడ లేదు. మొన్న చూపించుకోవడానికి వెళ్తే, కొత్త డాక్టరు దూరం నుంచే "బాగుంది, వెళ్లమ్మా" అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఎలా తెలిసింది బాబూ?"

విసుక్కుంటూ లైటు దగ్గరికి లాగాడు. నేను నోరు తెరిచాను.