రౌండ్స్ వేళ కిటికీ బయట

మా ఆయనకి చెవులు వినపడవన్న సంగతి మా పాలెంలో నాకు తప్ప ఎవరికీ తెలియదని అనుకునేవాళ్ళం. చాలా ఏళ్ళు అట్లాగే గడిపాం.

బోటులో ఆయన పని ఇంజను దగ్గర. ఇరుకు చోటు, డీజిల్ వాసన, చెవి పక్కనే మోత. ఇరవై ఏళ్ళు ఆ మోతలో కూర్చున్నాక ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిది. సముద్రం మీద దానివల్ల ఇబ్బంది లేదు. ఇంజను నడుస్తుంటే అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరూ చేతులతోనే చెప్పుకుంటారు. ఒడ్డుకు వచ్చాకే కష్టం. చెవుడని తెలిస్తే బోటు ఓనరు ఇంజను అప్పగించడని మా భయం. ఇంజను మోతలో తేడా వస్తే పట్టుకోవాల్సింది చెవే కదా. ఆయన అరికాలితో పట్టుకునేవాడు. చెక్క మీద కాలు ఆనించి కాసేపు కూర్చుని, ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడు.

అందుకని ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా ఏదైనా అంటే ఆయన నిదానంగా తల ఊపుతాడు. మనుషులు మాట్లాడేదానికి చాలావరకు అది సరిపోతుంది. సరిపోని చోట నేను ఉంటాను. మాట్లాడేవాళ్ళ వెనక నిలబడి, గొంతు బయటికి రాకుండా, పెదాలతో అదే మాట మళ్ళీ చెబుతాను. ఆయన నా మొహం చూసి వాళ్ళకి జవాబిస్తాడు. "పెళ్ళాం మొహం చూడకండా ఒక్క మాటన్నా మాట్లాడవు గదరా నువ్వు" అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన దానికి కూడా తల ఊపేవాడు.

మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే. ఇంట్లో కూడా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళం.

వల లాగేటప్పుడు ఆయనా ఒక చెయ్యి వేసేవాడు. అట్లా లాగి లాగి గజ్జల్లో పేగు దిగింది. పడుకుంటే లోపలికి పోయేది, లేస్తే బయటికి వచ్చేది. ఒకరోజు పొద్దున ఇక లోపలికి పోలేదు. బోటు ఓనరే ఫోన్ చేసి టౌన్లో ఒక ఆసుపత్రిలో బెడ్డు ఇప్పించి, తన ఆటోలో తీసుకుపోయాడు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. వాకాడు దాటి సముద్రం వైపు ఉన్న పల్లెల వాళ్ళం బస్సెక్కి పోయే ఆసుపత్రుల్లో అదొకటి.

చేర్చుకునేటప్పుడు నర్సు కాగితం పట్టుకుని అడిగింది.

"షుగరుందా?"

"లేదమ్మా."

"బీపీ?"

"లేదు."

"ఇంకేమన్నా ఇబ్బందులున్నాయా?"

బోటు ఓనరు నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏమీ లేవమ్మా" అన్నాను. ఆ మాట కింద వేలిముద్ర వేశాను. అబద్ధం చెబుతున్నానని కూడా అప్పుడు నాకు తోచలేదు. చెవుడు మాకు జబ్బు కాదు, ఇంటి గుట్టు.

ఆ రోజే ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు. మర్నాడు పొద్దున ఆయన మంచం పక్కన కూర్చుని ఉన్నాను. నీలం చీర కట్టుకున్న సెక్యూరిటీ ఆమె చేతికర్రతో మంచాల ఇనుము మీద కొట్టుకుంటూ వచ్చింది.

"లెయ్యండి, లెయ్యండి. పెద్ద డాక్టరు రౌండ్సుకి వస్తాండాడు. కూడా ఉండేవాళ్ళు ఒక్కరు కూడా లోపల ఉండకూడదు."

"నేనుంటానమ్మా. నేను లేకపోతే ఆయనకి..."

"అబ్బో, నీకొక్కదానికే మొగుడుండాడా? వీళ్ళంతా ఎవురు? పద పద."

అందరం వరండాలోకి వచ్చాం. వార్డుకి వరండా వైపు ఒక కిటికీ ఉంది. అద్దానికి సగం దాకా తెల్ల రంగు పూశారు. కాలి మునివేళ్ళ మీద నిలబడితే మూడో మంచం, మా ఆయనది, కనపడుతుంది. నా పక్కన చిల్లకూరు నుంచి వచ్చిన ఒక ముస్లిమామె నిలబడింది. వాళ్ళకి గాజుల అంగడి ఉంది. ఆమె భర్తకి తొడలో చీముగడ్డ కోశారు. ఆమెను నేను అక్కా అని పిలిచాను, ఆమె కూడా నన్ను అక్కా అనే పిలిచింది.

డాక్టరు వచ్చాడు. మూతికి మాస్కు. వెంట నర్సులిద్దరు, వాళ్ళకీ మాస్కులే. మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఫైలు చూస్తూ ఏదో అడిగాడు. మా ఆయన తల ఊపాడు. ఇంకోటి అడిగాడు. ఊపాడు. మూడోది. ఊపాడు. డాక్టరు నాలుగో మంచానికి పోయాడు. దుప్పటి ఎత్తి చూడలేదు.

నాలుగో మంచం గాజులక్క భర్తది. ఆయన గొంతు వరండాలోకి వినపడింది. "కట్టు విప్పకండానే బాగుండాదని ఎట్టా చెప్తావు సామీ? నీ కళ్ళు ఏమన్నా గుడ్డలోకి దూరతాయా?"

గాజులక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "సిగ్గుతో చచ్చిపోతాండానక్కా ఈ మనిషితో. మీ ఆయన చూడు, ఎంత మర్యాదస్తుడో. డాక్టరు ఏమన్నా తలకాయ ఊపతాడు."

లోపల ఆమె భర్త కట్టు విప్పుతున్నారు. డాక్టరు వంగి చూస్తున్నాడు.

మమ్మల్ని లోపలికి వదిలాక ఆయన ఎదురుగా కూర్చుని పెదాలతో అడిగాను, ఏమడిగారని.

"మూతికి గుడ్డ కట్టుకోని ఉండాడు గదా, నాకేం తెలస్తాది?" అన్నాడు. "నొప్పుందా అని అడుగుంటాడు. ఉందని ఊపినా."

రెండో రోజుకి కడుపు ఉబ్బింది. మంచినీళ్ళు తాగినా కక్కుకున్నాడు. నర్సు దగ్గరికి పోయి చెప్పాను.

"ఆపరేషన్ అయినాక అట్టానే ఉంటాదిమా. పెద్ద డాక్టరు వస్తే చెప్పు."

"డాక్టరు వచ్చినప్పుడు మమ్మల్ని బయటికి తోస్తారు గదమ్మా."

"పేషెంటు చెప్తాడులే. ఆయనకి నోరు లేదా ఏంది?"

నోరుంది. చెవుల సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాలుక దాకా వచ్చింది. కానీ ఆ ఆసుపత్రిలో బెడ్డు ఇప్పించింది బోటు ఓనరు, అక్కడి వాళ్ళందరూ ఆయనకి తెలిసినవాళ్ళే. సాయంత్రానికి ఆయనకి చేరుతుంది. ఈయన కోలుకుని మళ్ళీ బోటెక్కాలి కదా అనుకున్నాను. ఆ రోజు నేను ఆలోచించింది ఆయన తిరిగి చేసే పని గురించే.

ఆయనకి నేర్పించాను. మూడు మాటలు. ఒక్కో మాటకి ఆయన వేలొకటి మడిచి, పెదాలు బాగా తెరిచి చెప్పాను. కడుపు ఉబ్బింది. గాలి పోవడం లేదు. కక్కుకుంటున్నా. డాక్టరు మంచం దగ్గర నిలబడగానే, అడిగేదాకా ఆగకుండా ఈ మూడూ చెప్పెయ్యమన్నాను. ఆయన నాకు రెండుసార్లు అప్పజెప్పాడు. పాఠం చెప్పిన బిడ్డలాగా నవ్వాడు కూడా.

మూడో రోజు పొద్దున కిటికీ దగ్గర అందరికన్నా ముందు నేనే ఉన్నాను. డాక్టరు రాగానే ఆయన చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చూపించాడు. నోరు తెరిచాడు. నర్సు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, బీపీ పట్టీ చుట్టింది. ఏదో గదమాయించింది కాబోలు, మాస్కు కదిలింది. ఆయన మాట ఆగిపోయింది. డాక్టరు ఫైలులోంచి తల ఎత్తకుండా అడిగాడు. ఆయన నా మొహం కోసం వెతికాడు. తలుపు వైపు చూశాడు, నర్సుల వెనక చూశాడు, చివరికి కిటికీ వైపు చూశాడు. నేను మునివేళ్ళ మీద లేచి, మూడు వేళ్ళు చూపించి, పెదాలు కదిలించాను. నా వెనక ఎండ ఉంది. ఆయనకి నల్లటి తలకాయ తప్ప ఏమీ కనపడి ఉండదు. నేనున్నానన్నది మాత్రం తెలిసింది. ధైర్యం వచ్చినట్టు డాక్టరు వైపు తిరిగి తల ఊపాడు.

"గ్యాస్ పోతాందంట గదా, ఇడ్లీ పెట్టమన్నాడు డాక్టరు" అంది నర్సు, నేను లోపలికి పోగానే.

"ఎవురు చెప్పినారమ్మా పోతాందని?"

"మీ ఆయనే."

ఇక ఆగలేదు. ఆమెను తలుపు పక్కకి పిలిచి, ఆయనకి రెండు చెవులూ వినపడవని చెప్పాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మాట గొంతుతో పైకి అనడం అదే మొదటిసారి.

"ముందే చెప్పొద్దా పెద్దమ్మా ఆ మాట?" అంది. కోపం లేదు ఆమెకి, అలసటే. "సరే, పొద్దున డ్యూటీకి వచ్చేవాళ్ళకి చెప్తాలే."

పొద్దున వేరే నర్సు వచ్చింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను చెప్పబోతే, రౌండ్సు అయ్యాక మాట్లాడదామంది. సెక్యూరిటీ ఆమెకి చెప్పాను. "నాకు చెప్తే నేనేమన్నా మందిస్తానా?" అంది. మళ్ళీ కిటికీ. ఆ రోజు ఆయన నా కోసం వెతకలేదు. కళ్ళు మూసుకుని, డాక్టరు నిలబడినంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు. ఊపితే తొందరగా పోతారని అనుకున్నాడేమో.

డాక్టరు బయటికి వచ్చాక వెంటపడ్డాను. ఫోన్లో మాట్లాడుతూ పోతున్నాడు. "సార్, మా ఆయనకి..." అన్నాను. వెనక వస్తున్న నర్సు నా భుజం మీద చెయ్యి వేసి, "డిశ్చార్జి చీటీ కౌంటర్లో ఇస్తారు, పోయి కూర్చోమా" అంది. ఆ రోజే ఇంటికి పంపించారు. గాజులక్క గేటు దాకా వచ్చింది. "మీరు అప్పుడే బిన్నా ఇంటికి పోతాండారు, అదృష్టవంతులు. మాయన నోటికి మమ్మల్ని ఇంకో వారం ఉంచుతారు" అంది.

ఇంట్లో ఒక్కరోజు ఉన్నాడు. మర్నాటికి కడుపు బండలాగా అయింది. అదే ఆసుపత్రికి తీసుకుపోతే, ఫైలు జిరాక్సు చేతికిచ్చి నెల్లూరు పొమ్మన్నారు. నెల్లూరులో ఒక డాక్టరమ్మ చూసింది. ఆమె మాస్కు కిందికి లాగి నా మొహంలోకి చూసి అడిగింది.

"లోపల పేగు పాడైపోయింది. ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదమ్మా మీరు?"

నా పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. ఆయనతో మాట్లాడినట్టే ఆమెతోనూ మాట్లాడాను. ఆమెకి అర్థం కాలేదు.

మూడు రోజులకి ఆయన పోయాడు.

సమాధి చేసి వచ్చాక బోటు ఓనరు మా అరుగు మీద కూర్చున్నాడు. చెవుల సంగతి ఇక దాచి లాభం లేదు కాబట్టి, జరిగిందంతా చెప్పాను.

"అన్నకి వినపడదని నాకు తెలీదా అక్కా? ఎప్పట్నుంచో తెలుసు. ఆయన కాలు మా అందరి చెవుల కంటే మేలు గదా, దాని మీదనే బోటు నడిచింది."

"మరి ఆ రోజు నర్సు అడిగినప్పుడు పక్కనే ఉన్నావు గదన్నా, ఎందుకు చెప్పలా?"

"మీరు అంత జాగర్తగా దాచుకుంటా ఉంటే, పదిమందిలో నేనెట్టా బయటపెట్టేది అనుకున్నా."

మా ఆయన పోయాక కూడా నాకు పెదాలతో మాట్లాడే అలవాటు పోలేదు. కూర రుచి చూసి, ఉప్పు ఎక్కువైందని గోడ వైపు తిరిగి పెదాలతో అంటాను. మా ఇంట్లో అప్పుడూ చప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. బయటివాళ్ళు వింటే తేడా తెలియదు. ఎదురుగా చూసే మొహం లేదు, అంతే.

తర్వాతి ఏడాది చర్చి వరండాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకి చదువు చెబుతున్నారంటే పోయాను. చెప్పేది మా అంగన్‌వాడీ టీచరమ్మ, నాకు కూతురుంటే ఆ వయసు ఉండేది. నా పక్కన కూర్చున్న ఆడవాళ్ళకి అక్షరాలు కంటితో వచ్చాయి. నాకు నోటితో వచ్చాయి. ఏ అక్షరానికి పెదాలు కలుస్తాయో, దేనికి నాలుక పళ్ళకి తగులుతుందో నాకు అంతకుముందే తెలుసు. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలాగా ఉంటాయి. ఆయన ఎప్పుడూ వాటి దగ్గరే తడబడేవాడు.

చదవడం వచ్చాక, రేషన్ కార్డుతో పాటు పెట్టిన ప్లాస్టిక్ కవరు విప్పి ఆసుపత్రి ఫైలు తీశాను. దాని కోసమే నేను చదువుకున్నది. తీస్తే అంతా ఇంగ్లీషు. ఒక్క అక్షరం కూడా నాది కాదు. టీచరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

"మొదటి రోజు, పేషెంటు బాగున్నాడు, ఏ ఇబ్బందీ లేదన్నాడు అని రాసుందక్కా" అంది.

"రెండో రోజు?"

"అదే."

"మూడో రోజు?"

"గ్యాస్ పోతోందన్నాడు అని ఇంకో ముక్క." ఆమె కింది వరస చూసింది. "నాలుగో రోజు కూడా బాగున్నాడనే."

"అన్నాడు అని యాడ రాసినారు పాపా?"

ఆమె వేలు పెట్టి చూపించింది. నాలుగు చోట్ల ఉంది.

ఇంటికి వచ్చి పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. ఒక్కో రోజుకీ కింద రెండు వేళ్ళ ఖాళీ ఉంది. మొదటి రోజు కింద, ఈయనకి చెవులు వినపడవు అని రాశాను. రెండో రోజు కింద, మంచినీళ్ళు కక్కుకున్నాడు. మూడో రోజు కింద, మూడు వేళ్ళు చూపించాడు, నర్సు చెయ్యి దించింది. నా అక్షరాలు పెద్దవి, డాక్టరు రాత మీదికి ఎక్కాయి.

నాలుగో రోజు కింద సంతకాలూ ముద్రలూ ఉన్నాయి, చోటు బాగా తక్కువ. అక్కడ, నేను కిటికీ దగ్గర ఉన్నాను అని మాత్రం పట్టింది.