ప్రిస్కా సిస్టరమ్మ తలస్నానం

మా దీవిలో వానాకాలపు మధ్యాహ్నాలు ఎలా ఉంటాయంటే, మనిషి మెలకువలో ఉన్నాడో నిద్రలో ఉన్నాడో ఆ మనిషికే తెలియదు. ఆకాశమూ నీళ్లూ ఒకే రంగులోకి వచ్చేస్తాయి. నా బాతులు ఏట్లో ఉన్నాయో మబ్బుల్లో ఉన్నాయో అరుపుని బట్టి పోల్చుకోవాలి. సరిగ్గా అలాంటి వేళ చూసుకుని ప్రిస్కా సిస్టరమ్మ దోనె ఎక్కేది. ఒళ్లో చిన్న బిందె, అందులో తువ్వాళ్లు, దంచిన మందారాకు, కొబ్బరినూనె సీసా. బడి నుంచి రిటైరయ్యాక మఠంలో హాయిగా జపమాల తిప్పుకుంటూ కూర్చోవచ్చు కదా! కూర్చోలేదు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించడం మొదలుపెట్టింది. పోనీ ఒక్కతే వెళ్లిందా అంటే అదీ లేదు, మమ్మల్నీ లాగింది.

మేమంటే ఆమె దగ్గర చదువుకున్నవాళ్లం. నేను బ్రిజీతను, బాతులు మేపుకునేదాన్ని. మర్గలీత పట్నంలో నర్సు పని చేసి తిరిగొచ్చింది. ఇంకో నలుగురైదుగురున్నారు. పిల్లల పెళ్లిళ్లు కూడా చేసేసి, మోకాళ్లు పట్టుకుని లేచే వయసు మాది. ఆమె మాత్రం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబెట్టి, గురువారం నీకేం పనే అని, హోంవర్కు చెయ్యని పిల్లను అడిగినట్టే అడిగేది. పనుందని అబద్ధమాడే గుండె ఎవరికుంది?

ఆమెది ఈ నీళ్ల దేశం కాదు. తూర్పున కొండల మీద, మిరియాల తీగల మధ్య పుట్టింది. పదిహేడేళ్లకే మఠంలో చేరింది. కొత్తల్లో దోనె ఎక్కితే రెండు చేతులా అంచు పట్టుకుని కళ్లు మూసుకునేదట. తర్వాత తర్వాత ఆ దోనెలోనే కూర్చుని నిద్రపోయేంత అలవాటైంది. నేను తెడ్డు వేస్తుంటే, వాన ముసుగు మీద రాలుతుంటే, ఆమె పెదాల మీద చిన్న నవ్వు ఉండేది. కలలో కొండ మీదికి వెళ్లొచ్చేదనుకుంటాను.

ఆమె పెట్టిన నియమం ఒకటే. ఎవరినైనా సరే తాకేముందు ‘ముట్టుకోనా?’ అని అడగాలి. మాట పడిపోయినవాడైనా, మతి తప్పిన ముసలమ్మైనా అడగాల్సిందే. కళ్లలోనో వేళ్లలోనో సరేనన్నది కనబడితేనే చెయ్యి వెయ్యాలి. వద్దంటే, తెచ్చిన వేన్నీళ్లు చల్లారిపోయినా వద్దే.

“వాళ్ల దగ్గర మిగిలింది వద్దనే మాటొక్కటే. దాన్ని కూడా లాక్కుంటామా?” అనేది.

కల్లుగీత ఉసేప్పన్న ఒక వానాకాలమంతా వద్దనే అన్నాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చుని కొండల మీది మంచు గురించీ, అక్కడి పనస చెట్ల గురించీ చెబుతూ ఉండేది. చెబుతూ ఆమె, వింటూ ఆయన, ఇద్దరూ కునికేవాళ్లు. మేం గుమ్మంలో కూర్చుని వాన చూసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే, నా బతుకులో అంత సుఖంగా ఎప్పుడూ లేననిపిస్తుంది.

అలాంటి మనిషి మఠంలోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, తనే మంచం పట్టింది. గురువారం వేన్నీళ్లు పట్టుకుని వెళ్లాం. ముట్టుకోనా అని అడిగాను. వద్దంది. మరుసటి గురువారమూ వద్దంది. మఠంలో చిన్న కన్యాస్త్రీ తడిగుడ్డతో మొహమూ పాదాలూ తుడిస్తే తుడవనిచ్చేది, అంతే. తల మీది ముసుగు తియ్యనివ్వదు, ఒళ్లు పక్కకు తిప్పనివ్వదు. దుప్పటి మారుస్తుంటే మర్గలీత కంటబడింది, నడుం కింద పుండు మొదలైంది. ఇలా వదిలేస్తే ఆ పుండే మనిషిని తీసుకుపోతుందని వసారాలో నాతో చెప్పి ఏడ్చింది. నిద్రమందు వేసి స్నానం కానిచ్చేద్దామంది. ఆమె దగ్గర చదువుకున్న నోటితోనేనా ఆ మాట అని కసురుకున్నాను. కసురుకున్నానే గానీ, నాకూ ఒళ్లు మండుతోంది. నేరుగా వెళ్లి అడిగేశాను, దీవి దీవంతటికీ ఒళ్లు తోమిన మనిషివి, నీకేంటమ్మా ఈ పంతం అని.

“సిగ్గుగా ఉందే. మా అమ్మ తర్వాత ఈ తల ఎవ్వరూ ముట్టుకోలేదు” అంది, గోడవైపు చూస్తూ.

తర్వాత జ్వరం తగిలింది. ఆ జ్వరంలో ఆమె ఇక్కడ ఉండేది కాదు. కిటికీలోంచి మంచు వస్తోందనేది, మిరియాలు ఎండబోశారు, తడిసిపోతాయనేది. అమ్మతో గుసగుసలాడేది. ఆ మాటలు వింటూ వింటూ, నడి మధ్యాహ్నం ఉక్కలో నాకూ చలి వేసేది.

ఒక గురువారం వాన జోరుగా కురుస్తోంది. మర్గలీత నీళ్లు కాచి తెచ్చింది. సిస్టరమ్మ కళ్లు అరమూసుకునే ఉంది.

“అమ్మా, తల దురద పెడుతోందే. నీళ్లు కాగాయా?” అంది.

మర్గలీత చెంబు నా చేతిలో పెట్టి, ఊఁ అను, ఊఁ అను అని సైగ చేసింది. ఒక్క ‘ఊఁ’ అంటే చాలు, పుండు కడగొచ్చు, మనిషి బతుకుతుంది. కానీ ఆ సరే నాకిచ్చింది కాదే, వాళ్లమ్మకిచ్చింది. నేనెవరో చెబితే మళ్లీ వద్దంటుంది.

“సిస్టరమ్మా, నేను మీ అమ్మను కాను. బ్రిజీతను. ముట్టుకోనా?”

మర్గలీత నుదురు కొట్టుకుంది. సిస్టరమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది.

“తెలుస్తూనే ఉంది, బాతుల కంపు. మా అమ్మయితే అడిగేదా?” అంది.

ఇంకేముంది, వద్దంటోందనుకుని చెంబు కింద పెట్టబోయాను. ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచింది. తడుముకుని తడుముకుని తనే ముసుగు పిన్ను తీసింది.

“ఇంక అడక్కే” అంది.

లోపల బెత్తెడు పొడవు తెల్లటి జుట్టు, చిక్కులు పడి ఉంది. మందారాకు నురుగుతో వేళ్లు పోనిచ్చాను. నేను ఏడుస్తూనే ఉన్నాను, దాచుకోలేదు. మర్గలీత పుండు కడిగి కట్టు కట్టింది. అది ముగిసేలోపే సిస్టరమ్మ నా అరచేతుల్లో తల పెట్టి నిద్రపోయింది.

పుండు మానింది, తుంటి మానలేదు. ఇంకో రెండు వానాకాలాలు బతికింది. మిగతా ఇళ్లలో ఇప్పటికీ అడిగే ముట్టుకుంటాను. ఆమెను మాత్రం, పెట్టెలో పెట్టేముందు ఆఖరి స్నానం చేయించినప్పుడు కూడా అడగలేదు.