ముసలి గోల్‌కీపర్ కాంట్రాక్టు

మేనేజరుగా నన్నెందుకు తీసేశారో బిర్సానగర్‌లో తలో మాటా అంటున్నారు కాబట్టి జరిగింది రాసి పెడుతున్నాను. అది కంప్యూటరులో ఆడే ఫుట్‌బాల్ ఆట. సాక్చి లైబ్రరీ నుంచి తెచ్చిన వ్యూహాల పుస్తకం రెండుసార్లు చదివి జట్టును నడిపాను. ముప్పై ఎనిమిదేళ్ల గోల్‌కీపర్‌కు కాంట్రాక్టు పొడిగించకూడదని పుస్తకం ప్రకారం తేల్చాను.

వెనక నిలబడి నాన్న చూశాడు. ప్లాంటులో ఆయన కాంట్రాక్టూ ఈ నెలాఖరుకే ముగుస్తుంది.

"ఏటి, తీసేత్తన్నావా? ఆడికి ముందు సెప్పినావా?"

"గేమే కదా నాన్నా, ఆడు నిజం మనిషి కాదు."

"మాకు పనిచ్చే ఠేకేదారూ అలాగే అంతాడు."

ఏడాది పొడిగించాను. తర్వాతి మ్యాచ్‌లో ఆ గోల్‌కీపర్ ఆరు గోల్స్ వదిలాడు. ఆటలోని క్లబ్బు యాజమాన్యం నన్ను తీసేసింది.

"నోటీసు లేకుండా ఎలా తీసేత్తారు?" అని నాన్న స్క్రీన్ మీద కోప్పడ్డాడు.

పుస్తకం గడువు పొడిగించిన లైబ్రేరియన్‌గారికీ, నా తరఫున మాట్లాడిన నాన్నకూ కృతజ్ఞతలు.